నెమ్మదిగా ఒలిస్తే చీకటి, గుంజితే వెలుగు

రీలు కడగడం నేర్చుకుంటున్న కొత్తలో ఒక రాత్రి స్నానాలగదిలో తలుపు బిగించుకుని 120 ఫిల్మ్‌ను దాని కాగితం నుంచి విడదీస్తున్నాను. కిటికీకి రెండు మడతల నల్లగుడ్డ, తలుపు కింద పాత దుప్పటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. కాగితం చివరికొచ్చింది. ఫిల్మ్‌ను కాగితానికి పట్టి ఉంచే టేపు వేలికి తగిలింది. ఇంక పని అయిపోయిందన్న తొందరలో దాన్ని ఒక్క గుంజు గుంజాను. చర్రుమని చప్పుడు. దానితోపాటే నా బొటనవేలి కింద నీలంగా ఒక గీత వెలిగి ఆరిపోయింది.

ముందు తలుపు సందును అనుమానించాను. తర్వాత నా కళ్లను. ఆఖరికి, ఈ రీలు పోయిందనే తీర్మానించుకున్నాను. ఎలాగూ పోయింది కదా అని కడిగి ఆరేస్తే, పొద్దున్నకి పన్నెండు ఫొటోలూ చక్కగా ఉన్నాయి.

మా ఊళ్లో చాలాకాలం స్టూడియో నడిపిన పెద్దాయనకి ఈ సంగతి చెబితే ఆయన నవ్వాడు. “టేపు గుంజావా బాబూ? అది గుంజేది కాదు, ఒలిచేది. పుండు మీద పట్టీ తీసినట్టు తియ్యాలి. నెమ్మదిగా తీస్తే మెరవదు” అన్నాడు. ఎందుకు మెరుస్తుందని అడిగితే, “మెరుస్తుంది, అంతే” అన్నాడు. ఆయన చెప్పిన పద్ధతీ, ఆయన చెప్పని కారణమూ రెండూ కలిపి, 120 రీలును మొదటి నుంచి చివరిదాకా ఎలా కడగాలో ఇక్కడ రాస్తున్నాను. టేపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రీల్లో టేపు ఎక్కడుంటుంది

120 రీలును కొడక్ కంపెనీ 1901లో తన బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది. ఇవాళ్టికీ అదే కొలతలో దొరుకుతోంది. మన ఇళ్లలో పాత ఆల్బముల్లో అంచులు తెల్లగా వదిలిన చదరపు నలుపు తెలుపు ఫొటోలు ఉంటాయి చూశారా, వాటిలో చాలా భాగం ఈ రీలు మీద తీసినవే. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలోకి వెళ్లింది ఇదే. స్టూడియోల్లో మెడకు వేలాడిన రెండు కళ్ల యాషికాల్లోకి వెళ్లిందీ ఇదే. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారు చేసిన రోజులు కూడా స్టూడియో వాళ్లకు గుర్తుంటాయి. చదరపు ఫ్రేమైతే ఒక రీలుకి పన్నెండు ఫొటోలు వస్తాయి.

35 మిల్లీమీటర్ల ఫిల్మ్ లోహపు డబ్బాలో ఉంటుంది. 120కి డబ్బా లేదు. ఫిల్మ్ వెనక దానికన్నా బాగా పొడవైన నల్ల కాగితం ఉంటుంది. ఆ కాగితమే వెలుతురుకి అడ్డం. ఫిల్మ్ పొడవు ఎనభై సెంటీమీటర్లకు కాస్త పైన, వెడల్పు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. దాని మొదటి కొసను మాత్రమే కాగితానికి టేపుతో అంటిస్తారు. రెండో కొస ఊరికే వదిలేస్తారు. రెండు కొసలూ అంటిస్తే చుట్టేటప్పుడు ఫిల్మ్, కాగితం ఒకదాని మీద ఒకటి జరగలేక బుడగలా ఉబ్బిపోతాయి.

ఫొటోలన్నీ తీశాక రీలు తిరగబడి ఉంటుంది. మొదట చుట్టుకున్న మొదటి కొస ఇప్పుడు లోపల, మధ్యలో ఉంటుంది. కనుక విప్పేటప్పుడు ముందు ఉత్త కాగితం వస్తుంది, తర్వాత ఫిల్మ్ వదులు కొస, ఆ వెనక ఫిల్మ్ అంతా, అన్నిటికన్నా ఆఖర్న టేపు. పని ముగిసిపోయిందని చెయ్యి తొందరపడే చోటనే టేపు కాచుకుని కూచుంటుంది.

సామాను

వెలుతురు రానివ్వని డెవలపింగ్ ట్యాంకు, ఫిల్మ్‌ను ఎక్కించడానికి దానిలో ఇమిడే స్పైరల్, థర్మామీటరు, కొలత గ్లాసులు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, ఆరేసుకోవడానికి రెండు క్లిప్పులు, గడియారం. మందులు మూడు: డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్. ఫిక్సర్‌ని మన స్టూడియోల్లో ఇప్పటికీ చాలామంది హైపో అనే అంటారు. ఆఖరి కడుగుకి ఒక సీసా డిస్టిల్డ్ వాటర్.

డెవలపర్ల మాటకొస్తే డి-76 పాత కాపు. 1927 నుంచి నడుస్తోంది. లీటరు నీళ్లకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ఇంతే దాని రహస్యం. పొట్లంగా కొనుక్కుంటే కలిపే వరస దాని మీదే రాసి ఉంటుంది. దాని ప్రకారమే కలపండి.

ప్లాస్టిక్ స్పైరల్ ఎముక ఆరినట్టు పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క ఉన్నా ఫిల్మ్ మధ్యలో ఇరుక్కుని ముందుకీ పోదు, వెనక్కీ రాదు. కింద‌టిసారి కడిగిన స్పైరల్‌ను తుడిచి వాడుకుందామనుకుంటే, చీకట్లో అర్ధగంట చెమటలు కక్కాల్సి వస్తుంది.

గది

ఎర్ర బల్బు గురించి ముందే ఒక మాట. సినిమాల్లో డార్క్ రూమ్ అనగానే ఎర్ర వెలుగు చూపిస్తారు. అది ఫొటోలు కాగితం మీద ప్రింటు వేసేటప్పటి వెలుగు. ఆ కాగితానికి ఎరుపు కనపడదు. ఇప్పటి నలుపు తెలుపు ఫిల్ముల్లో ఎక్కువ భాగం పాంక్రోమాటిక్ రకం. వాటికి అన్ని రంగులూ కనిపిస్తాయి. ఎర్ర బల్బు కూడా పనికిరాదు. కటిక చీకటి కావాలి.

ఇంట్లో కిటికీలు తక్కువ ఉండేది స్నానాలగదికే. రాత్రిపూట చేస్తే సగం పని తగ్గుతుంది. గీజరు మీద వెలిగే చిన్న ఎర్ర దీపం, చేతి గడియారం ముళ్ల మీది రేడియం, జేబులో ఫోను, వీటన్నిటినీ గదిలోంచి పంపెయ్యండి. లైటు ఆర్పి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. మొదటి నిమిషంలో కనపడని సందులు ఐదో నిమిషానికి ఒక్కొక్కటీ బయటపడతాయి. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. అలవాటు పడ్డ కన్ను ఎరుపు కన్నా నీలం, ఆకుపచ్చల వైపు ఎక్కువ చురుగ్గా ఉంటుంది. పగలు పట్టించుకోని టేపు మెరుపు చీకట్లో అంత స్పష్టంగా కనపడటానికి ఇదొక కారణం.

గది కుదరకపోతే చేంజింగ్ బ్యాగు వాడొచ్చు. రెండు చేతులూ దూర్చే నల్ల సంచీ అది. మన ఎండాకాలంలో దానిలో చేతులు చెమట పట్టి ఫిల్మ్ అంటుకుపోతుంది. అది ఓర్చుకోగలిగితే సరే.

వెలుతురులో ఒకసారి

కడగాల్సిన రీలు ముట్టుకునే ముందు, గడువు దాటిపోయిన రీలొకటి బలి ఇవ్వండి. దాన్ని పట్టపగలు బల్ల మీద విప్పి, కాగితం ఎక్కడ అయిపోతుంది, వదులు కొస ఎక్కడ మొదలవుతుంది, టేపు ఎంత వెడల్పు ఉంది, అన్నీ కళ్లతో చూడండి. తర్వాత కళ్లు మూసుకుని స్పైరల్‌లోకి ఎక్కించండి. మళ్లీ తీసి మళ్లీ ఎక్కించండి. మూసిన కళ్లతో వరసగా మూడుసార్లు తడబాటు లేకుండా ఎక్కితే అప్పుడు లైటు ఆర్పండి.

సామాను పెట్టే వరస కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. ఎడమ పక్క రీలు, మధ్యలో స్పైరల్, కుడి పక్క కత్తెర, వెనక ట్యాంకు, దాని పక్కనే మూత. ట్యాంకు మధ్యలో నిలబెట్టే గొట్టం మరిచిపోవద్దు. అది లేకుండా మూత పెడితే వెలుతురు లోపలికి దారి చేసుకుంటుంది. చీకట్లో వెతుక్కునేవాడు ముందు తన్నేది మూతనే.

చీకట్లో మొదటి అంగలు

లైటు ఆర్పాకే రీలు మీది కాగితపు సీలు చించండి. సీలు తెగగానే చుట్టు వదులవుతుంది. అంచుల నుంచి వెలుతురు దూరేది అప్పుడే. కొన్ని సీళ్లు తడిపి అంటించేవి, కొన్ని వాటంతట అవే అంటుకునేవి. రెండో రకమైతే జిగురు దగ్గర పట్టి లాగకుండా కాగితాన్ని అడ్డంగా చించితే సరిపోతుంది.

ఇప్పుడు కాగితం విప్పుతూ పోండి. వేళ్లకి కాగితం కింద గట్టిగా, నున్నగా, చుట్టుకుపోదామని చూసే ఇంకో పొర తగులుతుంది. అదే ఫిల్మ్. దాన్ని అంచుల్లోనే పట్టుకోవాలి. లోపలి వైపు పూత మీద వేలు పడితే వేలిముద్ర జీవితాంతం నెగటివ్ మీద ఉంటుంది.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఫిల్మ్ మొత్తాన్ని కాగితం నుంచి విడదీసి, టేపు తీసేసి, ఆ టేపు ఉన్న కొసనే స్పైరల్‌కి ముందుగా అందించడం ఒకటి. ఆ కొస తక్కువ ముడుచుకుంటుంది గనక తేలిగ్గా ఎక్కుతుందని దీన్ని ఇష్టపడేవాళ్లున్నారు. చిక్కేమిటంటే టేపు తీసే సమయానికి మీ ఫిల్మ్ అంతా బయట, చేతుల్లో ఉంటుంది.

రెండోది, వదులు కొసను ముందుగా స్పైరల్‌లో దూర్చి, రెండు పళ్లేలనూ ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఫిల్మ్‌ని లోపలికి నడిపించడం. కాగితం పక్కకి జారుతూ ఉంటుంది. టేపు దగ్గరికి వచ్చేసరికి ఫిల్మ్‌లో దాదాపు అంతా స్పైరల్‌లోనే భద్రంగా ఉంటుంది. బయట ఉండేది ఆఖరి కొన్ని అంగుళాలే. నేను ఇప్పుడు చేసేది ఇదే.

ఏ దారైనా ఫిల్మ్‌ని గబగబా లాగొద్దు. కాగితానికీ ఫిల్మ్‌కీ మధ్య రాపిడి పుట్టినా స్థిర విద్యుత్తు పోగవుతుంది. చలికాలం రాత్రి నైలాన్ స్వెటర్ విప్పుతుంటే చిటపటమని మెరిసేది ఇదే. గాలిలో తేమ ఉంటే ఆ విద్యుత్తు నిలవదు, జారిపోతుంది. ఏసీ గదిలోనో, పొడి చలికాలంలోనో పని చేసేవాళ్లు అందుకే ఇంకాస్త నిదానంగా ఉండాలి.

టేపు దగ్గర

ఫిల్మ్ ఇక ముందుకు కదలడం లేదు, కాగితం దాన్ని పట్టి లాగుతోంది అనిపిస్తే టేపు దగ్గరికి వచ్చినట్టే. ఆగండి. ఒక ఊపిరి తీసుకోండి.

కత్తెర దారి అన్నిటికన్నా తేలిక. టేపు అంచును వేలితో తడిమి, ఆ అంచుకి ఆనుకుని ఫిల్మ్‌ని అడ్డంగా కత్తిరించండి. ఒలిచే పనే లేదు, మెరుపు ప్రశ్నే లేదు. అక్కడ ఫిల్మ్ కాస్త పోయినా నష్టం లేదు. మొదటి ఫొటో మొదలయ్యేది అక్కడికి కొన్ని సెంటీమీటర్ల తర్వాతే. మధ్యలో ఉన్నది ఖాళీ భాగం. కత్తిరింపు తిన్నగా ఉండాలి. వంకరగా తెగితే ఆ మూల స్పైరల్ గాడి తప్పుతుంది.

ఒలిచే దారి ఇలా. స్పైరల్‌ను ఎడమచేత్తో ఒంటికి దగ్గరగా, టేపుకి వీలైనంత దూరంగా పట్టుకోండి. కుడిచేతి బొటనవేలి గోరుతో టేపు ఒక మూల లేపండి. ఇక దాన్ని వెనక్కి మడిచి, గడియారం ముల్లు కదిలినట్టు తీయండి. వేగం సరిగ్గా ఉందో లేదో కళ్లు చెప్పక ముందే చెవులు చెబుతాయి. చర్రుమన్నా చిటపటమన్నా మీరు గుంజుతున్నట్టు. చప్పుడు లేకుండా జిగురు సాగుతూ వదిలితే సరైన వేగంలో ఉన్నట్టు.

టేపును ఫిల్మ్ మీదే వదిలేసి దాన్ని రెండో వైపుకి మడిచేవాళ్లు కూడా ఉన్నారు. చేయొచ్చు. నా మటుకు నాకు జిగురు మందుల్లోకి వెళ్లడం ఇష్టం ఉండదు.

మిగిలిన కొసను స్పైరల్‌లోకి నడిపించి, ట్యాంకులో దించి, మూత బిగించండి. మూత బిగిసిన చప్పుడు వినపడ్డాక చేత్తో ఒకసారి చుట్టూ తడిమి చూసుకోండి. ఇక లైటు వేయొచ్చు. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ కాగితం, దాని మీది టేపు మీ చేతిలోనే ఉన్నాయి కదా. ఫిల్మ్‌కి ఇప్పుడు ఏ భయమూ లేదు. టేపు ఇంకా ఏ కొసకి అంటుకుని ఉందో చూసి ఈసారి గట్టిగా గుంజండి. మీరు తప్పించుకున్న మెరుపు ఎలా ఉంటుందో చూడండి.

ఎందుకు మెరుస్తుంది

జిగురు ఒక ఉపరితలాన్ని వదిలేటప్పుడు ఒక వైపు ధన విద్యుదావేశం, ఇంకో వైపు రుణ విద్యుదావేశం మిగిలిపోతాయి. ఆ రెంటి మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో విద్యుత్ క్షేత్రం పెరిగి పెరిగి, అక్కడున్న గాలి తట్టుకోలేక నిప్పురవ్వలా తెగుతుంది. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. దెబ్బతిన్న నైట్రోజన్ అణువులు విడిచే వెలుగే ఆ నీలి ఊదా గీత. అందులో కొంత మన కంటికి కనపడని అతినీలలోహితం కూడా. ఆకాశంలో మెరుపుకీ దీనికీ కొలతలోనే తేడా.

టేపు ఎప్పుడూ ఒకే తీరున ఊడదు. గుంజినప్పుడు కాసేపు అంటుకుని బిగుస్తుంది, ఒక్కసారిగా జారుతుంది, మళ్లీ బిగుస్తుంది. చర్రుమనే చప్పుడు ఈ బిగుసుకోవడం, జారడం వల్లనే. జారిన ప్రతిసారీ విద్యుదావేశాలు హఠాత్తుగా విడిపోతాయి, మెరుపు పుడుతుంది. నెమ్మదిగా ఒలిస్తే జిగురు సాగుతూ వదులుతుంది. పోగైన విద్యుత్తుకు మెల్లగా జారిపోయే వ్యవధి దొరుకుతుంది. చెవిని నమ్మమని పైన చెప్పడానికి కారణం ఇదే.

రుద్దినా, విరిచినా, ఒలిచినా పుట్టే ఇలాంటి వెలుగును ట్రైబోలూమినిసెన్స్ అంటారు. గ్రీకులో ‘రుద్దడం’ అనే మాట నుంచి వచ్చింది. గట్టి పంచదారను చీకట్లో గీరితే మెరుస్తుందని ఫ్రాన్సిస్ బేకన్ 1620లో వెలువడిన నోవమ్ ఆర్గానమ్‌లో రాశాడు. టేపు వంతు వచ్చేసరికి 1939 అయింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మిణుగురుల్లాంటి వెలిగే ప్రాణుల మీద జీవితమంతా పనిచేసిన న్యూటన్ హార్వే, అంటుకునే టేపు వెలుగు మీద ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. 1953లో సోవియట్ శాస్త్రవేత్తలు, గాలి తీసేసిన పాత్రలో టేపు ఒలిస్తే ఎక్స్ కిరణాలు కూడా పుడతాయని చెప్పారు. చాలామంది దాన్ని మరిచిపోయారు. 2008లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సేత్ పుటర్‌మన్ బృందం మామూలు స్కాచ్ టేపును శూన్యంలో సెకనుకి 3 సెంటీమీటర్ల చొప్పున ఒలిచింది. వచ్చిన ఎక్స్ కిరణాలతో ఒక వేలి ఎముకల ఫొటో తీసి ‘నేచర్’ పత్రికలో అచ్చు వేయించింది.

ఇది చదివి స్నానాలగదిలో ఎక్స్ కిరణాల భయం పెట్టుకోకండి. ఆ ప్రయోగంలో గాలి ఒత్తిడిని మామూలులో పది లక్షల వంతు దాకా తగ్గించారు. మన చుట్టూ ఉన్న గాలిలో ఎలక్ట్రాన్లు అంత వేగం అందుకోకముందే అణువులకు గుద్దుకుని ఆగిపోతాయి. మనకు మిగిలేది నీలి గీత ఒక్కటే.

ఆ నీలమే ఫిల్మ్‌కి చుట్టం కావడం ఇక్కడి మెలిక. ఫిల్మ్ పూతలో వెండి లవణాలుంటాయి. రంగు పదార్థాలు ఏవీ కలపకపోతే అవి సహజంగా చూసేది నీలాన్నీ అతినీలలోహితాన్నీ మాత్రమే. ఆకుపచ్చ, ఎరుపు చూడటం వాటికి తర్వాత నేర్పించిన విద్య. అంటే టేపు మెరుపు సరిగ్గా ఫిల్మ్ పుట్టుకతో చూడగల రంగులోనే వస్తుంది. అయినా సాధారణంగా ఫొటోలు పాడవకపోవడానికి కారణాలు రెండు. మెరుపు చాలా మసక, కనురెప్పపాటు కూడా ఉండదు. పైగా అది పడేది ఫొటోలు లేని ఖాళీ కొస మీద. నా పన్నెండు ఫొటోలూ బతికింది నా చాకచక్యం వల్ల కాదు, టేపు అక్కడ ఉండటం వల్ల.

మందుల వరస

మూత బిగిశాక మిగతా పనంతా వెలుతురులోనే. త్వరగా చెప్పుకుందాం. అందరికీ తెలిసిన ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌ను, నీళ్లు కలపని డి-76ను ఉదాహరణగా తీసుకుంటాను.

మందులన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. మన కొళాయి నీళ్లు ఎండాకాలంలో 30 దాటతాయి. మంచుముక్కలు పాలిథిన్ సంచీలో కట్టి మందు గ్లాసులో ముంచండి, నేరుగా వేస్తే మందు పలచబడుతుంది. వేడి పెరిగే కొద్దీ డెవలపింగ్ సమయం తగ్గించాలి. కంపెనీ ఇచ్చిన పట్టిక చూడండి. సమయం ఐదు నిమిషాల లోపుకి పడిపోతే ఫిల్మ్ ఎగుడుదిగుడుగా డెవలప్ అయ్యే ప్రమాదముంది. కనుక చల్లబరచడమే మేలు.

డెవలపర్ 500 మిల్లీలీటర్లు. పేటర్సన్ ట్యాంకులో 120 రీలు మునగడానికి అంత కావాలి. 20 డిగ్రీల్లో ఏడున్నర నిమిషాలు. మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేసి, బల్ల మీద ఒకసారి తట్టండి. ఆ తట్టుకి ఫిల్మ్‌ని పట్టుకున్న గాలి బుడగలు వదులుతాయి. ఆపైన ప్రతి నిమిషం మొదట్లో నాలుగేసి సార్లు.

స్టాప్ బాత్ పది సెకన్లు. తర్వాత ఫిక్సర్. ఒక వంతు రాపిడ్ ఫిక్సర్‌కి నాలుగు వంతుల నీళ్లు, రెండు నుంచి ఐదు నిమిషాలు. హైపోకి వెండి లవణాలను కరిగించే గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఫొటోగ్రఫీ సంగతి లోకానికి వెల్లడైంది ఇరవై ఏళ్ల తర్వాత. 1839లో ఆయనే దాన్ని ఫొటోలు నిలబెట్టడానికి వాడి చూపించాడు.

కడగడానికి గంటసేపు కొళాయి వదలనక్కర్లేదు. ట్యాంకులో నీళ్లు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయండి. కొత్త నీళ్లతో పదిసార్లు. మళ్లీ కొత్త నీళ్లతో ఇరవైసార్లు. గట్టిపరిచే మందు లేని ఫిక్సర్‌కి ఇల్‌ఫర్డ్ చెప్పిన పద్ధతి ఇది. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లకి వరం. ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌లో ఒక నిమిషం ఉంచండి. బోరు నీళ్లతో ముగిస్తే ఆరాక తెల్ల మరకలు మిగులుతాయి.

పై కొసకి క్లిప్పు, కింది కొసకి బరువు క్లిప్పు పెట్టి స్నానాలగదిలోనే వేలాడదీయండి. ఫ్యాను వేయొద్దు. ఆరేవరకు ఆ గదిలో ఎవరూ స్నానం చేయకూడదని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోవాలి. ఈ అంగలో మొహమాటపడితే మొదటికే మోసం.

నెగటివ్ చదవడం

ఆరిన నెగటివ్‌ను కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. నెగటివ్‌లో వెలుతురు పడిన చోటు నల్లగా ఉంటుంది. కాబట్టి మనకి అక్కర్లేని వెలుతురు కూడా నలుపుగానే కనపడుతుంది. ఆ నలుపు ఆకారాన్ని బట్టి దోషం ఎవరిదో తేల్చొచ్చు.

రెండు అంచుల నుంచి లోపలికి పొగలా పాకిన నలుపైతే చుట్టు వదులై వెలుతురు దూరింది. కెమెరాలోంచి తీసేటప్పుడు బిగించి సీలు వేయలేదన్నమాట. చెట్టు కొమ్మల్లా, వేళ్లల్లా చీలిన సన్నటి గీతలైతే స్థిర విద్యుత్తు. ఫిల్మ్‌ని పొడి గాలిలో వేగంగా లాగారు. మొదటి ఫ్రేముకి ముందున్న ఖాళీ కొసలో, టేపు ఉన్న అంచుకి ఆనుకుని మాత్రమే మసక ఉంటే అది టేపు మెరుపు కావచ్చు. మసకే లేకపోతే మీ చెయ్యి నెమ్మదిగా ఉన్నట్టు, లేదా అదృష్టం మీ వైపున్నట్టు.

ఏదో తేల్చుకోవాలంటే పరీక్ష తేలికే. గడువు దాటని చవక రీలొకటి చీకట్లో మూడు ముక్కలు చేయండి. మూడింటికీ ఒక్కో టేపు ముక్క అంటించండి. ఒకదాని మీది టేపు గుంజండి, రెండోదాని మీది టేపు నెమ్మదిగా ఒలవండి, మూడోదాన్ని టేపు పక్కన కత్తిరించండి. ఏది ఏదో తెలియడానికి మూలల్లో ఒకటి, రెండు, మూడు గాట్లు పెట్టండి. మూడూ ఒకే ట్యాంకులో కడిగి పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఫిల్మ్‌కి, మీ టేపుకి, మీ చేతికి జవాబు అక్కడ దొరుకుతుంది. ఇంకెవరి మాటా అక్కర్లేదు.

ఫిల్మ్ లేనివాళ్లకి కూడా ఒక దారి ఉంది. కటిక చీకటి గదిలో పది నిమిషాలు కూచుని, పటికబెల్లం ముక్కను పటకారుతో నలపండి. బేకన్ చూసిన వెలుగు మీ ఇంట్లోనే కనపడుతుంది. ముక్కలు ఎగిరి పడతాయి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోండి. నలిగిన ముక్కలు వాళ్లే ఖాళీ చేస్తారు.

120 రీలు కడిగేవాళ్లకి మాత్రం చెప్పేది ఇంతే. కత్తెర ఉంటే టేపు పక్కన కత్తిరించండి. కత్తెర లేకపోతే చప్పుడు రాకుండా ఒలవండి. వేడుక చూడాలనుంటే ట్యాంకు మూత బిగిశాక గుంజండి.